డబ్బుకు నియమం ఉంది, మాటకు?

(పొదుపు సంఘాలతో పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన విషయం "సంఘాల్లో ఘర్షణలు, పరిష్కార మార్గాలు". వింటుంటే ఏదో ప్రభుత్వ శిక్షణ పుస్తకంలో ఏడో అధ్యాయంలా ఉంది. అందుకని దాన్ని బాగా కుదించుకుని ఒక్క రకం ఘర్షణ గురించే మాట్లాడతాను. సమావేశంలో ఒక సభ్యురాలు తప్పు చేసిందని చర్చ మొదలవుతుంది. కిస్తీ కట్టలేదనో, మూడు వారాలుగా రావడం లేదనో, లెక్క తేలలేదనో. పది నిమిషాలు గడిచేసరికి ఆ చర్చ కిస్తీని వదిలేసి ఆమె మొగుడి మీదికి, పుట్టింటి మీదికి, కులం మీదికి, చివరికి ఆమె శీలం మీదికి పోతుంది. ఇక్కడ కూర్చున్న వాళ్లలో దీన్ని చూడనివారు ఎవరూ ఉండరు. చూసి, "నలుగురు ఆడవాళ్లు చేరితే ఇవి మామూలే" అనుకుని రిపోర్టులో రాయకుండా వదిలేసినవారే ఎక్కువ. ఆ "మామూలే" అన్నమాటతోనే నాకు పేచీ.

సంఘం నియమావళి ఒకసారి తీసి చూడండి. పంచసూత్రాలు మీకు కంఠతా వచ్చు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఆలస్యంగా వస్తే జరిమానా, రాకపోతే జరిమానా, కిస్తీ తప్పితే జరిమానా. ఐదు రూపాయలో, పది రూపాయలో. డబ్బు గురించి ఇంత పకడ్బందీగా రాసుకున్న సంఘాల్లో నోటి మాట గురించి ఒక్క వాక్యం రాసుకున్నవి నాకు చాలా తక్కువ కనబడ్డాయి. మహా అయితే "సభ్యులందరూ ఐకమత్యంగా మెలగాలి" అని ఉంటుంది. ఐకమత్యం నియమం కాదు, కోరిక. దాన్ని ఎప్పుడు ఎవరు తప్పారో చెప్పడానికి గుర్తు లేదు. తప్పితే ఏం చేయాలో అంతకన్నా లేదు.

ఇది ఎందుకిలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. 1982లో డ్వాక్రా పథకం వచ్చింది. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో అనుసంధానం చేసే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ తరువాత సంఘం మంచిదా చెడ్డదా అన్నది తేల్చే పని బ్యాంకుది అయిపోయింది. పొదుపు ఎంత, అప్పు ఎంత, తిరిగి వచ్చింది ఎంత అన్న మూడు ప్రశ్నలకు జవాబుంటే సంఘానికి మంచి గ్రేడు వస్తుంది. సమావేశం ముగిశాక ఒక మనిషి ఇంటికి ఏడుస్తూ పోయిందా అన్నది ఏ కాలమ్‌లోనూ పట్టదు.

నేను పరిశోధన కోసం తిరిగిన ఒక ఊరి సంగతి చెబుతాను. ఉత్తర తెలంగాణలో ఉంది, పేరు అనవసరం. సంఘంలో ఒకామె భర్త వదిలేసి వెళ్లిన మనిషి. ఇద్దరు పిల్లలు. రాత్రిపూట ఫంక్షన్ హాల్లో అంట్లు తోమడానికి పోతుంది. రెండు కిస్తీలు తప్పింది. సమావేశంలో లీడరు అడిగింది. అడగడం ఆమె బాధ్యతే. "ఈ నెలా లేకపాయె, పోయిన నెలా లేకపాయె, ఎట్ల మరి?" అంది. ఇక్కడిదాకా ఎవరికీ అభ్యంతరం లేదు. ఈమె తల వంచుకుని కూర్చుంది. అప్పుడు వెనక నుంచి వేరొకామె అందుకుంది: "రాత్రిపూట యాడికి పోతదో మనకు తెల్వదా? ఆడ అచ్చిన పైసలేమాయె?" కొందరు నవ్వారు. లీడరు నవ్వలేదు, ఆపనూ లేదు. మరుసటి వారం ఆమె వచ్చి రెండు కిస్తీలే కాదు, మిగిలిన అప్పంతా ఒక్కసారి కట్టేసి, లెక్క తేల్చుకుని, సంఘంలోంచి వెళ్లిపోయింది. ఆ డబ్బు ఐదు రూపాయల వడ్డీకి తెచ్చిందని తరువాత తెలిసింది. ఏడాదికి నూటికి అరవై అన్నమాట. సంఘం పుస్తకంలో ఆ నెల వసూలు నూటికి నూరు శాతం ఉంది.

ఈ సంఘటనను నేను చాలా శిక్షణల్లో చెప్పాను. విన్నవాళ్లు సాధారణంగా, "పాపం, ఆ నోటి దురుసు మనిషిని అదుపులో పెట్టాల్సింది" అంటారు. ఆ మనిషి స్వభావం మీదికి చర్చ పోతుంది. నేను అడిగేది వేరు. ఆ మాట పనిచేసిందా లేదా? చేసింది. జరిమానా చేయలేని పని, బ్యాంకు మేనేజరు చేయలేని పని ఆ ఒక్క వాక్యం చేసింది. వ్యక్తిగత దూషణ అంటే నియమాల అమలు చెడిపోవడం అని మనం అనుకుంటాం. నేను చూసినంతలో చాలాచోట్ల అదే నియమాల అమలు. అన్నిటికన్నా చవకైన, అన్నిటికన్నా వేగంగా పనిచేసే పద్ధతి. అందుకే లీడరు దాన్ని ఆపదు. అందుకే పై అధికారులకు అది వినబడదు.

ఇది నా ఊహ కాదని చెప్పడానికి 2010 నాటి సంగతులు గుర్తు చేసుకుంటే చాలు. సూక్ష్మరుణ కంపెనీలు ఊళ్లలో అప్పులు గుప్పించి, ఒకరి బాకీకి అందరూ పూచీ అన్నాయి. కంపెనీ మనిషి ఊళ్లోకి వచ్చి, చాలాసార్లు తను నోరు విప్పకుండానే, కట్టని ఆడమనిషి ఇంటి ముందు మిగతా సభ్యులను కూర్చోబెట్టేవాడు. "మీలో మీరే తేల్చుకోండి, అంతదాకా నేను పోను" అనేవాడు. తిట్టే పనిని కూడా అప్పు తీసుకున్న ఆడవాళ్లకే అప్పజెప్పారు. ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాయి. 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, 2011లో అది చట్టమైంది. ఆ చట్టం నిర్బంధ వసూలు అంటే ఏమిటో చెబుతూ, అప్పు తీసుకున్నవారిని గానీ వారి కుటుంబాన్ని గానీ అవమానించడాన్ని కూడా అందులో చేర్చింది. మూడేళ్ల దాకా జైలు అంది. 2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణాల మీద ఇచ్చిన ఆదేశాల్లో కూడా బెదిరించే భాష, దూషించే భాష వాడరాదని ఉంది.

అంటే కంపెనీ ఏజెంటు నోటికి నియమం వచ్చింది. మన సంఘం నోటికి ఇంకా రాలేదు.

తిట్ల గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. మన భాషలో ఆడమనిషిని తిట్టడానికి ఉన్న మాటలను ఒక వరసలో పెట్టి చూడండి. "ముండ" అంటే భర్త పోయిన మనిషి. "గొడ్రాలు" అంటే పిల్లలు పుట్టని మనిషి. "మొగుణ్ణి వదిలేసింది" అన్నది ఒక సమాచారం, కానీ మనం దాన్ని తిట్టుగానే వాడతాం. "బజారుది" అంటే ఇంటి గడప దాటిన మనిషి. మీరూ నేనూ రోజూ గడప దాటి ఉద్యోగాలకు వస్తున్న వాళ్లమే. మగవాణ్ణి తిట్టాలన్నా అతని తల్లినో ఆలినో తిట్టాల్సిందే తప్ప అతనికంటూ తిట్లు పెద్దగా లేవు. అప్పు ఎగ్గొట్టిన మగవాణ్ణి "ఎగవేతదారు" అంటారు. అప్పు కట్టలేని ఆడదాన్ని ఏమంటారో ఇందాక విన్నాం. ఆమె చేసిన పనికీ తిట్టుకూ సంబంధం లేదు. ఏ తప్పు చేసినా శిక్ష మాత్రం ఒక్క చోటే పడుతుంది.

ఇది పొదుపు సంఘాల్లోనే పుట్టిన జబ్బు కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" చదివినవారికి గుర్తుంటుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు, పార్టీ క్రమశిక్షణ తమ పెళ్లిళ్లలోకీ పిల్లల విషయంలోకీ ఎలా వచ్చిందో అందులో చెప్పుకున్నారు. చదువుకున్న ఆడవాళ్ల సంఘాలకూ మినహాయింపు లేదు. అమెరికా స్త్రీవాది జో ఫ్రీమన్ 1976లో మిజ్ పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఉద్యమంలోని స్త్రీలు సాటి స్త్రీని, ఆమె చేసిన పనిని కాకుండా ఆమె వ్యక్తిత్వాన్నే ఎలా తుత్తునియలు చేస్తారో స్వానుభవంతో చెప్పింది. ఆ పత్రికలో అప్పటిదాకా వచ్చిన ఏ వ్యాసానికీ రానన్ని ఉత్తరాలు దానికి వచ్చాయట. చాలామంది తమకూ ఇలాగే జరిగిందని రాశారు. అంతకుముందు 1970లో ఆమే ఒక ప్రసంగంలో ఇంకో మాట చెప్పింది. మాకు నాయకులు లేరు, నియమాలు లేవు, అందరం సమానం అనుకునే గుంపుల్లో నిజానికి నాయకులూ ఉంటారు, నియమాలూ ఉంటాయి, కాకపోతే అవి కొందరికే తెలుస్తాయి అని. మన సంఘాల్లో డబ్బు నియమాలు గోడ మీద రాసి ఉంటాయి. మాట నియమాలు మాత్రం ఇలాగే ఉన్నాయి. ఎవరిని అనొచ్చు, ఎవరిని అనకూడదు అన్నది అందరికీ తెలుసు, ఎక్కడా రాసి లేదు. సర్పంచి భార్యను అనకూడదు. ఒంటరి మనిషిని అనొచ్చు.

సరే, అయితే ఒక నియమం రాసేద్దాం, "సమావేశంలో మర్యాదగా మాట్లాడాలి" అని, అంటారు. కొన్ని సంఘాల్లో రాశారు కూడా. ఏం జరిగిందో చూశాను. మర్యాద అన్న మాటకు మన ఊళ్లలో కులం ఉంది. నెమ్మదిగా, తల వంచుకుని, "అమ్మా" అంటూ మాట్లాడడం మర్యాద. కూలిపనిలో గట్టిగా పిలిచి పిలిచి గొంతు పెద్దదైన దళిత స్త్రీ మాట్లాడితే అది అమర్యాద. జరిమానా ఆమెకు పడింది. మెత్తగా నవ్వుతూ, "మీవాళ్లకు పొదుపు ఎక్కడ తెలుస్తుందిలే" అన్నామెకు పడలేదు. కాబట్టి నియమం గొంతు మీద పెట్టకూడదు. కోపం మీద అసలే పెట్టకూడదు. కోపం రాకపోతే సంఘం ఎందుకు?

ఇంకో ప్రమాదం ఉంది. ఒక సభ్యురాలు లేచి, "అక్కా, బ్యాంకు నుంచి తెచ్చిన లోన్‌లో మా పేర్ల మీద ఎంత రాశారు, మాకు ఎంత ఇచ్చారు?" అని అడిగింది. లీడరు ఏడ్చేసింది. "పదేళ్లుగా మీకోసం తిరుగుతున్నా, నా మీద నింద వేస్తారా?" అంది. అడిగినామె చేత క్షమాపణ చెప్పించారు. లెక్క మాత్రం తేలలేదు. ఇది వ్యక్తిగత దాడి కాదు, ప్రశ్న. సంఘం బతకడానికి అత్యవసరమైన ప్రశ్న. నియమం సరిగ్గా రాయకపోతే అడిగినవాళ్ల నోరు మూయించడానికే అది ఉపయోగపడుతుంది. "డబ్బు ఏమైంది?" అన్నది ఎంత గట్టిగా అడిగినా, ఎన్నిసార్లు అడిగినా దూషణ కాదు. "నీ బతుకేమిటో మాకు తెలియదా?" అన్నది ఎంత నెమ్మదిగా అన్నా దూషణే. ఒకటి చేసిన పనిని అడుగుతుంది, రెండోది మనిషిని అడుగుతుంది. ఈ తేడా చదువు లేనివాళ్లకు అర్థం కాదని కొందరు కార్యకర్తలు నాతో వాదించారు. నా అనుభవంలో అందరికన్నా ముందు వాళ్లకే అర్థమవుతుంది, ఎందుకంటే ఎక్కువగా పడ్డది వాళ్లే.

రాయలసీమలో ఒక సంఘంలో ఒక పద్ధతి చూశాను. ఎవరో నేర్పింది కాదు, వాళ్లు కనిపెట్టుకున్నదే. చర్చ మనిషి మీదికి మళ్లగానే, కూర్చున్నవాళ్లలో ఎవరైనా సరే, "పుస్తకం కాడికి రాక్కా" అంటారు. అంతే. మాట అక్కడ ఆగాలి. విషయం ఆగదు, గమనించండి. కిస్తీ ఎందుకు కట్టలేదన్న చర్చ మళ్లీ మొదలవుతుంది, జవాబు వచ్చేదాకా నడుస్తుంది. "పుస్తకం" అంటే లెక్కల పుస్తకం. అందులో ఉన్నది మాత్రమే అక్కడ మాట్లాడాలి. ఆగకుండా రెండోసారి అంటే పది రూపాయలు. ఆ పది రూపాయలు మొట్టమొదట కట్టింది ఎవరని అడిగాను. లీడరే కట్టిందట. అది కూడా ఆ ఊరికి కొత్తగా కాపురానికి వచ్చిన ఇరవై ఏళ్ల ఎస్సీ కోడలు చెబితే. లీడరు పెద్ద కులం మనిషి, వయసులో పెద్దది. ఆ రోజు ఆమె కట్టకుండా "నువ్వెవరే నాకు చెప్పడానికి" అని ఉంటే ఆ పద్ధతి ఆ రోజే చచ్చిపోయేదని అక్కడివాళ్లే నాతో అన్నారు. పది రూపాయలు ఎవరికీ లెక్క కాదు. అది పుస్తకంలోకి ఎక్కడమే లెక్క.

పుస్తకం అంటే ఒక చిక్కు ఉంది. తీర్మానాల పుస్తకంలో ఆ తిట్టును రాయాలా వద్దా? రాస్తే రేపు గ్రామ సంఘంలో చదువుతారు, మండల సమాఖ్యలో చదువుతారు, బ్యాంకులో తిరగేస్తారు. ఒకసారి అన్న మాట పదిసార్లు అన్నట్టవుతుంది. రాయకపోతే ఏమీ జరగనట్టే. నా అభిప్రాయం ఇది. శీలం మీద, కుటుంబం మీద అన్న మాటలను యథాతథంగా రాయకండి. ఫలానా తేదీన ఫలానా సభ్యురాలు వ్యక్తిగత దూషణ చేసింది, సమావేశం ఆపింది, జరిమానా వేసింది అని అన్నవారి పేరుతో రాయండి. పడ్డవారి పేరు రాయాలా అన్నది ఆమెనే అడగండి. పోలీసు ఫిర్యాదు ఇస్తానని ఆమె అంటే ఆ మాటలను విడిగా ఒక కాగితం మీద రాసి ఆమె చేతికే ఇవ్వండి. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో అన్న మాట నేరం. పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 509, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 79.

కులం పేరుతో దూషణ అయితే నేను చెప్పేది పూర్తిగా వేరు. అక్కడ ఏ మాట అన్నారో ఆ మాటే రాయాలి. ఎక్కడ అన్నారు, ఎవరెవరు విన్నారు అన్నది కూడా రాయాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 2015లో సవరించారు. ఎస్సీ, ఎస్టీ కానివారు ఆ వర్గాల మనిషిని ప్రజల దృష్టిలో పడేచోట కులం పేరుతో దూషించడం సెక్షన్ 3 కింద నేరం. ఈ "ప్రజల దృష్టి" అన్నదాని మీదే కోర్టుల్లో వాదన నడుస్తుంది. ఇంటి నాలుగు గోడల మధ్య, బయటివారు ఎవరూ లేనప్పుడు అన్న మాట దాని కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. సంఘం సమావేశం పంచాయతీ ఆఫీసు అరుగు మీద జరిగిందా, లీడరు ఇంటి లోపలి గదిలో జరిగిందా అన్నది అందుకే ముఖ్యం. ఇది సంఘం పది రూపాయల జరిమానా వేసి, చేతులు కలిపించి మూసేసే సంగతి కాదు. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఇవ్వమని తొందరపెట్టే హక్కు మనకు లేదు. "సంఘం పరువు పోతుంది" అని ఆపే హక్కు అసలే లేదు.

తొలగింపు గురించి ఒక్క మాట. కోపంలో సంఘాలు అన్నిటికన్నా ముందు చేసే పని "తీసెయ్" అనడం. సంఘంలోంచి తీసేయడం అంటే క్లబ్బులోంచి తీసేయడం కాదు. బ్యాంకు అప్పు పోతుంది, వడ్డీ రాయితీ పోతుంది, ఊళ్లో ఏ పథకం వచ్చిందన్న కబురు పోతుంది. కులపంచాయతీలు వెలి వేసినప్పుడు మనం ధర్నాలు చేశాం. అక్కడ మనం తప్పుపట్టింది దేనిని? ఆరోపణ ఏమిటో చెప్పలేదని, ఆమె మాట వినలేదని, ఫిర్యాదు చేసినవారే తీర్పు చెప్పారని. అవే మూడూ మన సంఘం తీర్మానంలో ఉన్నాయేమో చూసుకోవాలి. తిట్టినామెకు కూడా వినిపించుకునే హక్కు ఉంది. ఆమెను ఆ స్థితికి తెచ్చింది ఏమిటో కూడా వినాలి. పూచీ పడ్డ పదిమందిలో ఆమె ఒకతె, ఎవరో కట్టని కిస్తీకి ఆమె పుస్తెలు తాకట్టు పెట్టి ఉండొచ్చు. విచారించేవాళ్లలో ఒక్కరైనా ఆ సంఘానికి బయటివారుండాలి. 1997లో విశాఖ తీర్పు ఇచ్చినప్పుడు సుప్రీంకోర్టు, 2013లో చట్టం వచ్చినప్పుడు పార్లమెంటు, పనిచేసేచోట వేధింపులు విచారించే కమిటీలో బయటి సభ్యురాలు ఉండాలన్నది ఇందుకే. పక్క ఊరి గ్రామ సంఘం నుంచి ఒకామెను పిలిస్తే సరిపోతుంది. ఛార్జీలు ఎవరిస్తారని మీరు అడుగుతారు. జరిమానాల పెట్టెలోంచి ఇవ్వండి.

కిస్తీ కట్టలేనామె విషయం దీనితోబాటే తేలాలి. దూషణ ఆపేసి, దాని స్థానంలో ఏమీ పెట్టకపోతే వసూళ్లు పడిపోతాయి. అప్పుడు "చూశారా, మెత్తగా ఉంటే ఇంతే" అని పాత పద్ధతే తిరిగి వస్తుంది. రెండు కిస్తీలు తప్పినామెతో కూర్చుని కొత్త గడువు రాసుకోవడం, అది పుస్తకంలో ఎక్కించడం, బ్యాంకుకు సంఘం తరఫున చెప్పడం కావాలి. ఇందాక చెప్పిన ఉత్తర తెలంగాణ ఊళ్లో ఆమెకు కావలసింది రెండు నెలల గడువు. పెళ్లిళ్ల సీజనులో ఫంక్షన్ హాలు పని పెరిగితే ఆమె కట్టేసేది. ఆ సంగతి ఆమెను అడిగినవారు లేరు.

మధ్యాహ్నం మీరు గ్రూపులుగా కూర్చుని నియమం ముసాయిదా రాస్తారని కార్యక్రమంలో ఉంది. రాసేముందు ఇంకొకటి తేల్చుకోవాలి. ఈ నియమం కార్యకర్తకు వర్తిస్తుందా? సమావేశానికి మనం మోటారు సైకిలు మీద అరగంట ఆలస్యంగా వెళతాం, జరిమానా కట్టం. వెళ్లి, "మీకెన్నిసార్లు చెప్పాలి, బుర్ర లేదా?" అంటాం. యాభై ఏళ్ల మనిషిని "నువ్వు" అంటాం, ఆమె మనల్ని "మేడమ్" అంటుంది. ముసాయిదాలో "సభ్యులు" అని రాస్తారా, "సమావేశంలో ఉన్నవారందరూ" అని రాస్తారా? మొదటి గ్రూపు ఆ వాక్యంతో మొదలుపెడితే బాగుంటుంది. భోజనాల తరువాత నేనూ ఏదో ఒక గ్రూపులో కూర్చుంటాను.